బట్టలు ఆరని ఉదయం: డిటెక్టివ్ నవల చదవడం, రాయడం గురించి

(శ్రీకాకుళంలో పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అద్దె పుస్తకాల షాపులతోపాటే డిటెక్టివ్ నవల చదివే అలవాటు కూడా పోయిందని చాలామంది అనుకున్నారు. పోలేదు. ఇప్పుడు కాలేజీ పిల్లల చేతుల్లో జపాన్ రచయితలున్నారు, లండన్ రచయితలున్నారు. అరవై దాటినవాళ్లు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఇంకా మర్చిపోలేదు. ఈ రెండు తరాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టే విషయం ఒకటుంది, దాని గురించే మాట్లాడతాను. నవలలో ఆధారం ఎక్కడ పెట్టాలి? పాఠకుడు దాన్ని చూసి కూడా చూడకుండా ఎందుకు దాటిపోతాడు?

ఒక మాట ముందే ఇస్తున్నాను. ఏ నవల ముగింపూ ఇక్కడ చెప్పను. కాబట్టి చదవనివాళ్లు కూడా నిశ్చింతగా వినొచ్చు.

ఇప్పుడు ఎక్కువగా చదువుతున్నవాటిలో కెయిగో హిగాషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' ఒకటి. జపనీస్‌లో 2005లో వచ్చింది. మొదటి అధ్యాయంలోనే హత్య మన కళ్ల ముందే జరుగుతుంది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో, పక్కింటి లెక్కల మాస్టారు ఎందుకు సాయానికి వచ్చాడో అంతా తెలుసు. మరి మిగిలింది ఏమిటి? ఆ మాస్టారు కప్పిపుచ్చిన పద్ధతి. హంతకుడి పేరు దాస్తేనే డిటెక్టివ్ నవల అవుతుందన్న నమ్మకాన్ని ఈ పుస్తకం పక్కన పెట్టించింది. మనకు అన్నీ తెలుసన్న ధైర్యమే మన కళ్లకు గంతలు కడుతుంది.

సెయిషి యోకోమిజో 1946లో రాసిన 'ది హోంజిన్ మర్డర్స్' ఇంగ్లీషులోకి రావడానికి 2019 దాకా పట్టింది. పల్లెటూళ్లో పెద్ద కుటుంబం, పెళ్లి రాత్రి, మూసిన ఇల్లు, చుట్టూ మంచు, మంచు మీద అడుగుల జాడ లేదు. జానిస్ హాలెట్ 'ది అప్పీల్' 2021లో వచ్చింది. అందులో కథ చెప్పేవాడే ఉండడు. ఈమెయిళ్లు, మెసేజీలు, చీటీలు, ఇంతే. లా చదువుకున్న ఇద్దరికి ఆ కాగితాల కట్ట ఇస్తారు. వాళ్లతోపాటు మనమూ చదవాలి. రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' 2020లో వచ్చింది. రిటైరైనవాళ్ల కాలనీలో నలుగురు పెద్దవాళ్లు పాత కేసులు తిరగేస్తుంటారు. ఆస్మన్ దగ్గర చిక్కుముడి కంటే మనుషులే ఎక్కువ గుర్తుండిపోతారు. ముడి గట్టిగా ఉండాలనుకునేవాళ్లు హిగాషినో దగ్గరికి వెళ్లాలి. రెండూ కావాలంటే హాలెట్. ఇది నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు.

ఈ నాలుగింటికీ పోలిక లేదు. కానీ నాలుగూ ఒక నియమానికి కట్టుబడ్డాయి. డిటెక్టివ్‌కి తెలిసినది పాఠకుడికీ తెలియాలి. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు 1929లో పది నియమాలు రాసి పెట్టాడు. ఎవరికీ తెలియని విషం వాడకూడదు. కవల సోదరుణ్ని ముందుగా సూచించకుండా చివర్లో దింపకూడదు. డిటెక్టివ్ అదృష్టం కొద్దీ నిజం తెలుసుకోకూడదు. అమెరికాలో ఎల్లరీ క్వీన్ పేరుతో అదే సంవత్సరం మొదలైన నవలల్లో ఇంకో పద్ధతి ఉండేది. ముగింపుకు ముందు కథ ఆపి, 'కావలసిన ఆధారాలన్నీ ఇచ్చేశాం, ఇప్పుడు మీరు చెప్పండి' అని పాఠకుడికి సవాలు విసిరేవారు.

ఆ సవాలు ఇప్పటి పుస్తకాల్లో అచ్చులో అంతగా కనిపించదు. మనమే పెట్టుకోవాలి. పుస్తకంలో ముప్పాతిక భాగం అయ్యాక ఆపండి. మూడు వందల పేజీలైతే రెండు వందల పాతిక దగ్గర. ఒక కాగితం మీద ఒక పేరు రాయండి, దాని కింద మూడు కారణాలు, ప్రతి కారణానికీ పేజీ నంబరు. పేజీ నంబరు రాయలేకపోతే అది అనుమానం, ఆధారం కాదు. ఈ పని చేస్తే చదవడం నెమ్మదిస్తుందని భయపడక్కర్లేదు, పది నిమిషాలు పడుతుంది. మీ పేరు తప్పైనా పరవాలేదు. ఎక్కడ తప్పిపోయారో తర్వాత తెలుస్తుంది, అసలు రుచి అక్కడుంది.

ఇక ఆధారం పెట్టే పద్ధతి. కొత్తగా రాసేవాళ్లు దాన్ని దాచడానికి తంటాలు పడతారు. అలమారులో పెడతారు, రహస్య అర కడతారు, చివరి అధ్యాయంలో తీస్తారు. పాఠకుడికి కోపం వస్తుంది, న్యాయమే కదా. ఆధారాన్ని నడివీధిలో పెట్టి, దానికి ఇంకో పని అప్పజెప్పాలి. నవ్వించడమో, ఒక మనిషి స్వభావం చూపించడమో, ఆలస్యానికి కారణం కావడమో. పాఠకుడు ఆ పనికి దాన్ని వాడేసుకుని, లెక్క తీరిపోయిందనుకుని ముందుకెళ్తాడు.

మన ఊరిదే ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఇది ఎక్కడా లేని కథ, ఇప్పుడే అల్లుతున్నాను.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయం ఆరు దాటాక సూర్యకిరణాలు అనివెట్టి మండపం దాటి గర్భగుడిలో స్వామి పాదాలను తాకుతాయి. కొన్ని నిమిషాలే. మబ్బు పడితే ఆ రోజుకి అంతే, జనం ఉసూరుమంటూ తిరిగొస్తారు.

కథలో అది అక్టోబరు 1. ఆమదాలవలస రోడ్డులో ఒక రైస్ మిల్లు యజమాని ఆఫీసు గదిలో చనిపోయి ఉన్నాడు. మిల్లు వాచ్‌మన్ ఉదయం ఏడింటికి చూశాడు. హత్య కేసు కాబట్టి ఎస్సై ఎఫ్ఐఆర్ కడతాడు, దర్యాప్తు సీఐ చేస్తాడు. సీఐ ఇంటి దగ్గర ఏడున్నరకి బయల్దేరబోతుంటే యూనిఫాం రాలేదు. నాగావళి రేవులో బట్టలుతికే అప్పన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

'నిన్న సాయంత్రం ఉతికీసి ఆరేసినాను బాబూ. పొద్దుటెండకి ఆరిపోతాయి, ఇస్త్రీ సేసీసి తెచ్చీద్దామనుకున్నాను. తెల్లారగట్ల నుంచీ మబ్బేసీసింది, సూరీడన్నోడు కనపణ్నేదు. ఈ పూటకి పాత జత ఏసీసుకో బాబూ.'

సీఐ పాత జత వేసుకుంటాడు. పొట్ట దగ్గర గుండీ పట్టదు. మిల్లు దగ్గర కానిస్టేబుళ్లు చూసి మొహాలు తిప్పుకుంటారు. ఆ గుండీ తెగి మిల్లు గదిలో పడిపోతుంది, క్లూస్ టీమ్ కుర్రాడు దాన్ని కవర్లో వేసి నంబరు కూడా రాస్తాడు, సీఐ వెనక్కి అడగాల్సి వస్తుంది. పాఠకుడు నవ్వుకుంటాడు. మబ్బు తన పని చేసేసింది, గుండీ ఊడగొట్టింది. ఇక దానితో పని లేదనుకుంటాడు.

నాలుగు అధ్యాయాల తర్వాత, అదే రోజు తొమ్మిదింటికి, మిల్లు భాగస్వామిని పిలిచి అడుగుతారు. తెల్లవారుజామున ఎక్కడున్నావంటే, 'అరసవల్లి వెళ్లానండి. నాలుగింటికే లైన్లో నిలబడ్డాను. కిరణాలు స్వామి పాదాల మీద పడుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది' అంటాడు. అంతే. అక్కడ ఆగి కాగితం తీసి పేరు రాయగలిగే పాఠకులు కొందరైనా ఉంటారు. మన జిల్లావాళ్లకు ఆ అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ.

ఇప్పుడు దీన్ని చీల్చి చూద్దాం, ఎందుకంటే ఇలాంటి ముడి పైకి బాగానే ఉండి లోపల చిల్లులు పడి ఉంటుంది.

మొదటి చిల్లు దూరం. మబ్బు అప్పన్న చూసిన చోట ఉంటే చాలదు, గుడి దగ్గరా ఉండాలి. అప్పన్నని భావనపాడులో పెడితే కథ పోయింది, అక్కడికీ ఇక్కడికీ మబ్బు ఒకటే అనలేం. రేవు శ్రీకాకుళంలోనే ఉండాలి, అరసవల్లి పక్కనే కాబట్టి చెల్లుతుంది. రెండోది సమయం. ఎనిమిదింటికి మబ్బు పట్టిందంటే సరిపోదు, కిరణాలు పడేది ఆరు దాటాక. అందుకే అప్పన్న నోట 'తెల్లారగట్ల నుంచీ' అన్న మాట తప్పనిసరి. ఆ ఒక్క మాట ఎడిటింగులో ఎగిరిపోతే నవల అన్యాయం అయిపోతుంది.

మూడోది అసలైన చిల్లు. కిరణాలు పడలేదన్న కబురు ఊరంతా తెలిసిపోతుంది కదా, మర్నాడు పేపర్లో కూడా వస్తుంది. అబద్ధమాడేవాడికి తెలియదా? అందుకే ఆ వాంగ్మూలం అదే రోజు తొమ్మిదింటికి జరగాలి, మధ్యాహ్నానికి జరిపితే చెడిపోతుంది. అతని ఫోన్‌కి ఎవరూ చెప్పలేదా? ఇక్కడే ముడి బిగించాలి. టవర్ రికార్డు తనని గుడి దగ్గర చూపించాలని అతను రాత్రే తన ఫోన్‌ని గుడికి పూలు తీసుకెళ్లే ఆటో సీటు కింద పెట్టాడు. ఫోన్ అరసవల్లి వెళ్లింది, అతను మిల్లుకి వెళ్లాడు. ఎనిమిదిన్నరకి ఆటో తిరిగొచ్చాక తీసుకున్నాడు. అంటే ఏ ఏర్పాటు తనని కాపాడుతుందనుకున్నాడో, ఆ ఏర్పాటు వల్లే తెల్లవారుజాము నుంచి ఎనిమిదిన్నర దాకా అతనికి కబురు అందలేదు. ఇలా ఒక లోపాన్ని పూడ్చే వివరం ఇంకో లోపాన్ని కూడా పూడిస్తే ముడి సరిగ్గా పడినట్టు.

నాలుగోది సీసీ కెమెరా. గుడిలో కెమెరాలుంటాయి, ఫుటేజి తీస్తే కథ పది నిమిషాల్లో అయిపోతుంది కదా అని ఈ కాలం పాఠకుడు అడుగుతాడు. దాటవేయకూడదు. వేల మంది లైన్లో ఉన్న రోజు, చీకట్లో నాలుగింటి నుంచి ఏడింటి దాకా నాలుగైదు కెమెరాల ఫుటేజి అంటే పన్నెండు, పదిహేను గంటల బొమ్మ. ఒక కానిస్టేబుల్ కూర్చుని చూడాలి. మనిషి కనిపించలేదంటే రాలేదని అర్థం కాదు, కెమెరాకి చిక్కలేదనీ కావొచ్చు. ఆ రెండు వాక్యాలు నవలలో ఉంటే చాలు.

ఈ ఉదాహరణలో విషం లేదు, తుపాకీ లేదు, రహస్య గది లేదు. ఊరికి తెలిసిన నిజం ఒకటి, దాన్ని పట్టించుకోని మనిషి ఒకడు. ఉత్తరాంధ్రలో ఇలాంటివి ఎక్కడ పడితే అక్కడున్నాయి, నవలల్లోకే రావడం లేదు.

సముద్రం తీసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంజను ఉన్న పడవలు కదలకూడదు, ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు. మే నెలలో ఒకడు 'మర పడవ మీద వేటకెళ్లి రాత్రంతా సముద్రంలోనే ఉన్నాను' అంటే, కళింగపట్నంలో పుట్టిన పిల్లవాడు కూడా పట్టేస్తాడు. హైదరాబాదు పాఠకుడికి అందాలంటే ముందెక్కడో నిషేధం ప్రస్తావన రావాలి. ఉదాహరణకి వేట లేక చేపల ధర పెరిగిందని ఒక ఇల్లాలు విసుక్కోవచ్చు. పోటు, పాటు కూడా అంతే. రోజుకి సుమారు రెండుసార్లు పోటు వస్తుంది, ప్రతి రోజూ ముందురోజు కంటే యాభై నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పున్నమి రోజుల్లో ఎక్కువ. నవలలో సోమవారం ఉదయం ఆరింటికి ఒడ్డు తడిసే పోటు పెట్టి, బుధవారం కూడా ఆరింటికే పెడితే అది తప్పు. పంచాంగం పక్కన పెట్టుకుని రాయాలి.

పలాస సంగతి ఇంకా బాగుంటుంది. జీడి పిక్క పెంకులో ఉండే రసం ఒంటికి తగిలితే చర్మం కాలుతుంది, నల్లబడుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన చేతులకి వేలి గీతలు అరిగిపోయి, రేషన్ దగ్గర మిషన్ వేలు తీసుకోని సందర్భాలుంటాయి. నేరస్థలంలో వేలిముద్రలు లేవంటే హంతకుడు గ్లౌజులు వేసుకున్నాడని ప్రతి డిటెక్టివ్ అంటాడు. పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో డిటెక్టివ్ ఇంకో మాట కూడా ఆలోచించాలి.

హత్యకు కారణం కూడా అక్కడే దొరుకుతుంది. జీడిపప్పు గ్రేడులు మీకు తెలుసు. డబ్ల్యూ 240 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 పలుకులు. డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. పలుకు పెద్దదైతే ధర ఎక్కువ. ఒక వ్యాపారి 320 పప్పుని 240 అని లేబులేసి పంపుతున్నాడనుకోండి. అరకిలో ప్యాకెట్టులో 242 నుంచి 264 మధ్య పలుకులుండాలి, లెక్కపెడితే 340 వచ్చాయి. డిటెక్టివ్‌కి ల్యాబ్ అక్కర్లేదు, ఒక పళ్లెం, అరగంట తీరిక చాలు. ప్యాకెట్టు విప్పి పళ్లెంలో పోసి పదేసి పలుకుల వరసలు పేరుస్తున్న మనిషిని రాస్తే, పక్కన కూర్చున్నవాళ్లు తినబోతే చెయ్యి అడ్డం పెడుతుంటే, పాఠకుడికి అది ఆ మనిషి చాదస్తంలా కనిపిస్తుంది. ఆధారం కళ్లెదుటే ఉంది.

ఇక తప్పులు ఎక్కువగా దొర్లేది శవం దగ్గర. ఇంగ్లీషు నవలల్లో డాక్టరు వచ్చి ఒంటి వేడి చూసి 'రాత్రి పదకొండు, పదకొండున్నర మధ్య' అనేస్తాడు. చనిపోయాక ఒళ్లు గంటకి సుమారు ఒకటిన్నర ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లబడుతుందన్న లెక్క చలి దేశాల నుంచి వచ్చింది. మే నెలలో మన గది వేడి ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది. చల్లబడటానికి ఎక్కడికి పోతుంది? మన వేసవి కథలో డాక్టరు ఒంటి వేడిని బట్టి అరగంట తేడాతో సమయం చెబితే అది అబద్ధం. బిగుసుకుపోవడం కూడా వేడికి తొందరగా మొదలై తొందరగా వదిలేస్తుంది. కనురెప్పలు, దవడ, మెడ, తర్వాత చేతులు, కాళ్లు, ఇదీ వరస. డాక్టరు నిజాయితీగా చెబితే 'నాలుగైదు గంటల తేడా ఉండొచ్చు' అంటాడు. ఆ తేడాలోనే మీ అనుమానితులందరూ ఇముడుతారు, రచయితకి అది వరమే.

నెత్తురు దిగే మచ్చలు ఇంతకంటే నమ్మదగినవి. చనిపోయాక నెత్తురు కింద వైపుకి దిగి చర్మం మీద ఊదా రంగు మచ్చలు పడతాయి. సుమారు 8 నుంచి 12 గంటలకు అవి స్థిరపడతాయి. శవం వెల్లకిలా పడి ఉంది, మచ్చలేమో పొట్టవైపున్నాయి అంటే ఎవరో గంటల తర్వాత తిప్పారన్నమాట. ఇది అందరికీ కనిపించే ఆధారం. పంచనామాలో ఒక వరసగా రాసేయొచ్చు, 'శవం వెల్లకిలా ఉన్నది, ఛాతీపై, ముఖంపై ఊదా మచ్చలు కలవు' అని. పాఠకుడు ఆఫీసు భాషలా దాటిపోతాడు.

క్లోరోఫాం గుడ్డ ముక్కు దగ్గర పెట్టగానే మనిషి కూలిపోవడం జరగదు, నిమిషాలు పడుతుంది, పెనుగులాట ఉంటుంది. నీళ్లలో పడేసిన శవం మన వేసవిలో దాదాపు ఒక రోజులోనే పైకి తేలుతుంది, చలికాలంలో రెండు మూడు రోజులు. నాగావళిలో శవం తేలిన రోజు లెక్క తప్పితే మీ కథ మొత్తం జారిపోతుంది.

వేలిముద్ర గురించి మన దేశంలో నిజంగా జరిగిన ఒక కేసుంది, రాసేవాళ్లందరూ తెలుసుకోవాలి. 1897లో జల్పాయిగురి ప్రాంతంలో ఒక టీ తోట మేనేజరుని గొంతు కోసి చంపారు, పెట్టెలో డబ్బు పోయింది. పెట్టెలో కాగితాల మధ్య ఒక బెంగాలీ పంచాంగం ఉంది. దాని అట్ట మీద గోధుమ రంగు మరకలు రెండు, అందులో ఒకటి బొటనవేలి ముద్ర. ఆ సంవత్సరమే కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్ర కంగాలీ చరణ్ అనే పాత నౌకరుదని తేలింది. అతను ఇంతకు ముందు అదే మేనేజరు ఫిర్యాదు మీద దొంగతనానికి జైలుకెళ్లొచ్చినవాడు. కోర్టు ఏం చేసింది? దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకి వేయలేదు. పెట్టె ముట్టుకున్నాడని ముద్ర చెప్పింది. చంపాడని ఆ ముద్ర చెప్పదు. నవలలో వేలిముద్ర దొరకగానే కథ అయిపోయిందనుకునే ప్రతి రచయితా ఆ పంచాంగం అట్టని ఒకసారి తలుచుకోవాలి. వస్తువు ముట్టుకోవడానికీ, నేరం చేయడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే మీ నవల రెండో సగం నడుస్తుంది.

చట్టం మారిన సంగతి కూడా గుర్తుంచుకోండి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి భారతీయ న్యాయ సంహిత. హత్యకి పాత ఐపీసీ సెక్షన్ 302 కాదు, ఇందులో 103. అనుమానాస్పద మృతికి పాత సీఆర్‌పీసీ 174 కాదు, భారతీయ నాగరిక సురక్షా సంహిత 194. కథ 2023లో జరిగితే పాత సెక్షన్లే. పెళ్లై ఏడేళ్లు దాటని మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవ పంచనామా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అంటే మన దగ్గర సాధారణంగా తహసీల్దారు చేయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష ఉన్న నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలని కొత్త చట్టం అంటోంది. రాష్ట్రాలకి అమలు కోసం ఐదేళ్ల వరకూ వెసులుబాటు ఇచ్చారు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఆఖరి అధ్యాయంలో జరుగుతుంది. డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెడతాడు, అంతా విప్పి చెబుతాడు, హంతకుడు ఏడుస్తూ 'అవును, నేనే చంపాను' అంటాడు, ఇన్‌స్పెక్టరు బేడీలు వేస్తాడు. మన చట్టంలో పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లు, ఇప్పుడు దాని చోట వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23. ఆ 23లోనే ఒక మినహాయింపు ఉంది, రచయితకి దొరికిన బంగారం అది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువుకి సంబంధించిన మాట వరకూ చెల్లుతుంది. 'నేను చంపి, కత్తి మిల్లు వెనక ఊక గుట్టలో పెట్టాను' అన్నాడనుకోండి. 'నేను చంపి' పోయింది. 'కత్తి ఊక గుట్టలో పెట్టాను' నిలిచింది, అదీ ఊక తవ్వితే కత్తి దొరికితేనే. తవ్వేది మామూలుగా ఇద్దరు మధ్యవర్తుల ముందు, వీఆర్వో లాంటివాళ్ల ముందు. కాబట్టి ముగింపుని హాల్లోంచి ఊక గుట్ట దగ్గరికి మార్చండి. ఉత్కంఠ పెరుగుతుంది కూడా. దొరుకుతుందా లేదా అని పార పట్టుకున్నవాడి చేతినే పాఠకుడు చూస్తుంటాడు.

సభలోంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, 'మరి మన డిటెక్టివ్ ఎవరవ్వాలి మాస్టారూ? యుగంధర్ లాంటి ప్రైవేట్ డిటెక్టివ్ ఇప్పుడు కుదురుతాడా?' మంచి ప్రశ్న. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌కి ప్రత్యేక చట్టం లేదు, 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. అతను అరెస్టు చేయలేడు, శవ పంచనామాలో కూర్చోలేడు, కాల్ రికార్డులు తెప్పించుకోలేడు. అవి ఎస్పీ స్థాయి అధికారి ద్వారా వెళ్లాలి. టెలికాం కంపెనీలు ఆ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలి. ఆ పని ప్రైవేటు మనిషి చేసినట్టు రాస్తే నేరం చేసినట్టే రాయాలి. అందుకని అధికారం లేకపోయినా కాగితం చేతికొచ్చే మనిషిని ఎంచుకోండి. స్టేషన్ రైటర్ ప్రతి వాంగ్మూలాన్నీ తన చేత్తో రాస్తాడు. ఏరియా ఆసుపత్రిలో పోస్టుమార్టం చేసే డాక్టరమ్మకి శవం కనిపిస్తుంది. రిటైరైన వీఆర్వో పాతికేళ్లు పంచనామాల్లో సంతకాలు పెట్టి ఉంటాడు, భూమి తగాదాలన్నీ అతనికి కంఠతా వచ్చు. నన్నడిగితే ఆ వీఆర్వోనే తీసుకుంటాను. మన పల్లెల్లో నేరాల వెనక గట్టు తగాదాలు చాలానే ఉంటాయి, ఆ గట్టు ఏ సర్వే నంబరులో ఉందో అతనికి తెలుసు.

అమ్మా, మీ ప్రశ్న, సెల్‌ఫోన్ ఉన్న కాలంలో రహస్యం ఎలా నిలుస్తుందని. టవర్ రికార్డు ఫోన్ ఎక్కడుందో చెబుతుంది, అదీ ఒక టవర్ పరిధి వరకూ. పల్లెల్లో ఒక టవర్ కొన్ని కిలోమీటర్లు పట్టుకుంటుంది. హత్య జరిగిన ఊరూ, పక్క ఊరూ ఒకే టవర్ కింద ఉంటే ఆ రికార్డు ఎవర్నీ పట్టించదు, ఎవర్నీ విడిపించదు. ఇచ్ఛాపురం దగ్గర ఫోన్ ఒడిశా వైపు టవర్‌ని పట్టుకోవచ్చు. మనిషి ఆంధ్రాలో ఉన్నా కాగితం మీద ఒడిశాలో ఉంటాడు. ఫోన్ వల్ల రహస్యం పోదు, ఫోన్‌ని నమ్మే పోలీసు వల్ల రహస్యం పుడుతుంది.

చివరగా, ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలని అడుగుతున్నారు. పాత పత్రికల్లో నేర కథలు ఎలా నడిచాయో చూడాలంటే మన ఊళ్లోనే తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉంది, కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావుగారు, 1997లో తెరిచిన ఇల్లు. ఇప్పటి కేసులు ఎలా నడుస్తాయో చూడాలంటే ఈ-కోర్ట్స్ సైట్లో జిల్లా సెషన్స్ కోర్టు తీర్పులు ఉచితంగా చదవొచ్చు. తీర్పు మొదటి నుంచి చదవకండి. చివరి పేజీకి వెళ్లండి. అక్కడ అనుబంధం ఉంటుంది, పీడబ్ల్యూ 1, పీడబ్ల్యూ 2 అంటూ సాక్షులు, తర్వాత ఎం.ఓ. 1, ఎం.ఓ. 2 అంటూ వస్తువులు. రక్తపు మరకల చొక్కా, ఎడమ కాలి చెప్పు, తాడు ముక్క, స్టీలు గ్లాసు. ఆ జాబితా ఒక్కటే చదివి, ఆ స్టీలు గ్లాసు అక్కడికి ఎందుకొచ్చిందో మీ అంతట మీరు కాగితం మీద రాయండి. తర్వాత తీర్పు మొదటి పేజీ తెరవండి.